ఒకే వంటింట్లో రెండు విధేయతలు: ఆక్రమిత ఫ్రాన్సులో కాపురం గురించి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 1941–44 మధ్య జర్మన్ల ఆక్రమణలో ఉన్న టూర్స్ పట్టణం నేపథ్యంగా నవల రాస్తున్నారు. భర్త మొదటి ప్రపంచయుద్ధంలో వెర్డన్ దగ్గర పోరాడి వచ్చినవాడు, ఇప్పుడు మునిసిపల్ ఆఫీసు రేషన్ విభాగంలో గుమాస్తా, 1940 ఓటమి తర్వాత విషీ ఊరి నుంచి ఫ్రాన్సును పాలించిన మార్షల్ పెతాన్ మీద గురి ఉన్నవాడు. భార్య బడి పంతులమ్మ, 1942 నుంచి ప్రతిఘటన దళానికి రహస్యంగా ఉత్తరాలు చేరవేస్తుంది. 1921లో పుట్టిన కొడుకు ఒకడున్నాడు. భర్త ఆమెను పట్టిస్తాడా, ఆమె ఎన్నాళ్ళు దాచగలదు, రోజువారీ కాపురంలో గొడవ ఎలా బయటపడుతుంది, విముక్తి తర్వాత ఇద్దరి గతి ఏమవుతుంది అని అడిగారు. మీరు జత చేసిన మూడు సన్నివేశాలూ చదివాను.

ఆ సన్నివేశాల్లో ఇద్దరూ సూప్ గిన్నెల ముందు కూర్చుని దేశం గురించి వాదించుకుంటున్నారు. ఆ ఇళ్ళలో తగాదా అలా వచ్చేది తక్కువ. ఇరవై ఏళ్ళు కాపురం చేసినవాళ్ళకు ఒకరి అభిప్రాయం ఇంకొకరికి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. తగాదా ఒక నిర్ణయంగా వచ్చేది, తేదీతో సహా వచ్చేది. ఈ వారం రొట్టె టికెట్లలో ఎన్ని ఇంట్లోంచి బయటికి పోయాయి? రాత్రి రేడియో ముల్లు ఎక్కడ ఆగింది? జర్మనీలో పనికి పంపేముందు చేసే వైద్యపరీక్షకు కొడుకు వెళ్ళాలా, మానాలా? మీ కథను ఈ ప్రశ్నల మీద నిలబెట్టండి, మాటలు వాటంతటవే తగ్గుతాయి.

ఇక భర్త విషయం. పెతాన్ మీద నమ్మకం, జర్మన్ల మీద ఇష్టం ఒకటే అన్నట్టు మీరు రాశారు. చాలా ఇళ్ళలో ఇవి రెండు వేర్వేరు సంగతులు. 1940 జూన్ 17న యుద్ధం ఆపాలని రేడియోలో చెప్పేనాటికి పెతాన్‌కు 84 ఏళ్ళు. వెర్డన్‌లో దళాలను వంతులవారీగా మార్చి ఊపిరి పీల్చుకోనిచ్చినవాడు, 1917 తిరుగుబాట్ల తర్వాత సెలవులూ తిండీ మెరుగుపరచినవాడు అని ఆ తరం సిపాయిల మనసులో ముద్రపడింది. మీ గుమాస్తాకు పెతాన్ రాజకీయ నాయకుడు కాడు, తనను ప్రాణాలతో ఇంటికి పంపిన కమాండరు. జర్మన్లను ఆయన తన భార్యకంటే ఎక్కువగా ద్వేషించవచ్చు. మార్షల్ లోలోపల వాళ్ళను మోసం చేస్తున్నాడనీ, మనకు డాలుగా నిలబడ్డాడనీ ఆయన నమ్మవచ్చు. ఆ రోజుల్లో లక్షలమంది అలాగే నమ్మారు. ఈ ఒక్క సవరణతో మీ భర్త పాత్ర అట్టబొమ్మ స్థితిలోంచి బయటపడుతుంది.

ఆ నమ్మకం ఒక్కరోజులో కూలలేదు, పగుళ్ళు వేటి తేదీ వాటిదే. 1940 అక్టోబరు 24న మోంత్వార్‌లో పెతాన్ హిట్లర్‌తో కరచాలనం చేశాడు. ఆ ఊరు టూర్స్‌కు ఉత్తరాన యాభై కిలోమీటర్ల లోపే. ఫొటో పత్రికల్లో పడింది, వెర్డన్ మనిషికి అది మొదటి ముల్లు. 1942 జూన్ 22న ప్రధాని లావాల్ రేడియోలో జర్మనీ గెలవాలని కోరుకుంటున్నానని పచ్చిగా అన్నాడు. 1942 నవంబరు 11న, అంటే పాత యుద్ధం ముగిసిన వార్షికోత్సవం నాడే, జర్మన్లు అప్పటిదాకా తమ ఆక్రమణలో లేని దక్షిణ మండలంలోకి కూడా దిగారు. 1943 ఫిబ్రవరి 16న యువకులను జర్మనీలో పనికి పంపే నిర్బంధ కార్మిక చట్టం వచ్చింది, దాన్ని ఎస్‌టీఓ అనేవారు. మీ కథలో ప్రతి పెద్ద సన్నివేశమూ ఈ నాలుగింటిలో దేనికి ముందో దేనికి తర్వాతో మీకు తెలిసి ఉండాలి. 1941లో మౌనంగా ఉన్న భర్త, 1943 మార్చిలో మౌనంగా ఉన్న భర్త ఒకే మనిషి కాడు.

మీ చిత్తుప్రతిలో తప్పులు కొన్ని ఉన్నాయి, ముందు అవి దిద్దుకోండి. భర్త టూర్స్‌లో ‘మాజీ సైనికుల లెజియన్’లో సభ్యుడని రాశారు. విషీ ప్రభుత్వం 1940 ఆగస్టు చివర్లో పెట్టిన ఆ సంస్థను జర్మన్లు తమ ఆక్రమణలోని ఉత్తర మండలంలో పనిచేయనివ్వలేదు, టూర్స్ ఆ మండలంలోనిదే. 1943లో విషీ ప్రభుత్వపు సాయుధ దళమైన మిలీస్ వాళ్ళు ఇల్లు సోదా చేశారని రాశారు. మిలీస్ పుట్టింది 1943 జనవరి 30న, కానీ ఉత్తరానికి దాన్ని రానిచ్చింది 1944 ఆరంభంలోనే. 1943లో తలుపు కొట్టేది ఫ్రెంచి పోలీసులో, జర్మన్ భద్రతా పోలీసులో. 1941లో ఆమె లియోన్‌లోని అక్కకు నాలుగు పేజీల ఉత్తరం పోస్టులో వేస్తుంది. లియోన్ అప్పుడు ఈ రెండు మండలాల మధ్య సరిహద్దు రేఖకు అవతల ఉంది. రేఖ దాటి పోయేవి అచ్చు కార్డులే: "... క్షేమం", "... జబ్బు", "... చనిపోయారు" అని ముందే ముద్రించిన వరుసల్లో అక్కరలేనివి కొట్టేసి పంపాలి. తర్వాత్తర్వాత ఖాళీ వరుసల కార్డులు వచ్చాయి, మూసిన కవరు మాత్రం 1943 మార్చి దాకా లేదు. అంతకుముందు నాలుగు పేజీల ఉత్తరం వెళ్ళిందంటే ఎవరో మనిషి జేబులో పెట్టుకుని షేర్ నది దాటించినట్టే. ఆ నదే టూర్స్‌కు తూర్పున చాలా దూరం సరిహద్దు రేఖ. బ్లెరే లాంటి ఊళ్ళలో రాత్రిపూట దాటించేవాళ్ళు ఉండేవారు. మీ నాయిక పని అక్కడే మొదలుపెట్టవచ్చు: అక్కకు ఒక ఉత్తరం, ఆ తర్వాత ఇంకెవరిదో ఉత్తరం.

ఇక తిండి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఆక్రమణలో కాపురం అంటే సగం ఇదే. మనిషి మనిషికీ విడిగా కార్డు. మూడేళ్ళ లోపు పిల్లలు ‘ఇ’, పెరిగేకొద్దీ జె1, జె2, జె3. 21 నుంచి 70 దాకా ‘ఎ’. బరువు పనివాళ్ళు ‘టి’, వ్యవసాయదారులు ‘సి’, 70 దాటినవాళ్ళు ‘వి’. ‘ఎ’ తరగతి మనిషికి రోజుకు రొట్టె 1940 శరత్తులో 350 గ్రాములు, 1941 ఏప్రిల్ నుంచి 275. టికెట్ల షీటు నెలనెలా మునిసిపల్ ఆఫీసులో తీసుకోవాలి. రొట్టెలవాడు కత్తిరించుకున్న టికెట్లను కాగితాలకు అతికించి ఆఫీసుకు తిరిగి అప్పగిస్తేనే అతనికి మళ్ళీ సరుకు. అంటే మీ గుమాస్తా బల్ల మీదికి ఊరంతటి ఆకలి లెక్కలతో సహా వస్తుంది.

ఇప్పుడు మీ ఇంటి లెక్క వేయండి. కొడుకును పక్కన పెడితే భార్యాభర్తలిద్దరివి రెండు కార్డులు, 550 గ్రాములు. కార్డు లేని ఒక మనిషిని అటక మీద దాస్తే తలకు 183 గ్రాములు. మూడోరోజుకల్లా బెల్టు రంధ్రం మారుతుంది. భర్తకు తెలియకుండా ఆమె ఒక మనిషిని వారం రోజులు పోషించిందని మీరు రాశారు. అది జరగని పని. రొట్టె లెక్క భర్తకంటే ముందు పొట్టకు తెలుస్తుంది. ఆమె తన వంతులోంచే పెడితే మనిషి చిక్కిపోతుంది, అదీ కనిపిస్తుంది. కాబట్టి ఆమె పనిని ఉత్తరాలకూ కబుర్లకూ పరిమితం చేయండి, లేదా మనిషిని ఒక్క రాత్రికే ఉంచి తెల్లవారకముందే పంపించండి. ఎక్కువ రోజులు ఉంచాలంటే భర్తకు తెలిసి తీరాలి. తెలిసినా తెలియనట్టు ఊరుకోవడమా, టికెట్లు తెచ్చివ్వడమా అన్నది మీ కథకు మలుపు అవుతుంది.

తిండి ఇంకో విధంగా కూడా పెత్తనం మార్చేది. పల్లెలో చుట్టాలున్నవాళ్ళకు పార్సిల్లో గుడ్లో, కుందేలు మాంసమో, చిక్కుడు గింజలో వచ్చేవి. మీ భర్త తమ్ముడికి టూర్స్ చుట్టుపక్కల తురెన్ ప్రాంతంలో పొలం ఉంటే ఆ పార్సిల్ వచ్చిన రోజున ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వేరే చెప్పనక్కరలేదు. అది రాని రోజుల్లో పశువులకు వేసే రుటబాగా దుంపలే కూర. పొగాకు ఇంకో తంపు. పొగాకు కార్డు మగవాళ్ళకే, ఆడవాళ్ళకు లేదు. పొగ తాగని భర్త తన వంతు తీసుకుని వెన్నకు మార్చేవాడు. అలాంటి ఇంట్లో పళ్ళెంలో సిగరెట్ పీక కనిపిస్తే అది పెద్ద ఆధారం.

రేడియో సన్నివేశం బాగా రాశారు, రెండు వివరాలు చేర్చండి. లండన్ నుంచి బీబీసీ ఫ్రెంచి కార్యక్రమం రాత్రిపూట వచ్చేది, ‘వి’ అక్షరానికి మోర్స్ సంకేతమైన నాలుగు డప్పు దెబ్బలతో మొదలయ్యేది. ఆ దెబ్బలు గోడ దాటి వినిపిస్తాయి, కాబట్టి ముందు శబ్దం తగ్గించి తర్వాతే స్టేషన్ పట్టేవారు. జర్మన్ల అడ్డుతరంగాల గరగర కూడా పొరుగింటికి గుర్తే. విన్నాక ముల్లును జర్మన్ల అదుపులోని రేడియో పారిస్ మీదికి తిప్పి ఆపేయడం అలవాటు. ఆక్రమిత మండలంలో జర్మన్లు లండన్ వినడాన్ని 1940లోనే నిషేధించారు, 1941 అక్టోబరు చివర్లో విషీ చట్టం సొంత ఇంట్లో వినడాన్ని కూడా నేరం చేసింది. మీ భర్త పొద్దున్నే రేడియో పెట్టినప్పుడు ముల్లు లండన్ మీద ఉందనుకోండి. ఆయన ఏమీ అనకుండా దాన్ని తిప్పి ఆఫీసుకు వెళ్ళిపోతాడు. అంతకంటే బలమైన సంభాషణ మీరు రాయలేరు.

పెళ్ళి ఆ రోజుల్లో ప్రభుత్వ వ్యవహారం కూడా. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాత్రం అన్న నినాదం తీసేసి పని, కుటుంబం, మాతృభూమి అని పెట్టిన ప్రభుత్వం అది. 1940 అక్టోబరు 11 చట్టం వివాహితలను ప్రభుత్వ కొలువుల్లోకి తీసుకోవడం మీద ఆంక్షలు పెట్టింది. 1941 ఏప్రిల్ 2 చట్టం పెళ్ళయిన మూడేళ్ళ లోపు విడాకులను పూర్తిగా ఆపేసింది. భర్తే ఇంటి యజమాని, భార్య ఉద్యోగానికి ఆయన అడ్డు చెప్పవచ్చు. అందుకే మీ పంతులమ్మకు ఒక చిక్కుంది: భర్తతో బహిరంగంగా తెగతెంపులు చేసుకుంటే ఉద్యోగం, దానితోపాటు బయట తిరగడానికి ఉన్న సాకు రెండూ పోతాయి. భర్త కూడా కట్టుబడి ఉన్నాడు. రహస్య సంఘాల్లో, అంటే ముఖ్యంగా ఫ్రీమేసన్లలో, లేనని ఉద్యోగులు సంతకం పెట్టాలి. భార్య దొరికితే ఆయన కొలువు మీదికీ వస్తుంది.

యుద్ధఖైదీల భార్యల సంగతి మీ నవలలో పక్కింటి పాత్రకు పనికొస్తుంది. సుమారు 18 లక్షలమంది ఫ్రెంచి సైనికులు 1940లో పట్టుబడ్డారు, వాళ్ళ భార్యలు దాదాపు 8 లక్షలమంది. ఖైదీ నెలకు రెండు ఉత్తరాలు, రెండు కార్డులు రాయవచ్చు. పార్సిల్ పంపాలంటే అతని శిబిరం నుంచే చీటీ రావాలి. 1942 డిసెంబరు 23 చట్టం ఒకటి తెచ్చారు. మామూలుగా వ్యభిచారం కేసు భర్త ఫిర్యాదు చేస్తేనే నడిచేది. ఖైదీ భార్యతో ఎవరైనా బహిరంగంగా కలిసి ఉంటే మాత్రం భర్త ఫిర్యాదు లేకుండానే ప్రభుత్వ న్యాయవాది కేసు పెట్టవచ్చు. అంటే పొరుగువాళ్ళ కళ్ళకు చట్టబలం వచ్చింది. అదే ఏడాది జూన్‌లో లావాల్ ప్రకటించిన ఒప్పందం ఇంకో చీలిక తెచ్చింది: ముగ్గురు నిపుణ కార్మికులు జర్మనీకి వెళ్తే ఒక ఖైదీని వదులుతారు. ఒక భార్యకు భర్త తిరిగి రావాలంటే ఇంకో ముగ్గురి ఇళ్ళు ఖాళీ కావాలి. రొట్టె క్యూలో వాళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడతారు.

యూదు దంపతుల గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, అది తప్పుగా ఉంది. 1940 అక్టోబరు 3 విషీ శాసనం ప్రకారం తాతలు, అమ్మమ్మ, నాయనమ్మల్లో ముగ్గురు యూదులైతే మనిషి యూదు; ఇద్దరే అయితే, జీవిత భాగస్వామి యూదు అయినప్పుడే యూదు. అంటే పెళ్ళే మనిషి జాతిని తేల్చింది. దీనికి రెండో వైపు: యూదేతరులను పెళ్ళాడిన ఖైదీలను, యూదులను తూర్పున చావు శిబిరాలకు పంపేముందు ఉంచే ద్రాన్సీ శిబిరంలో ‘ఆర్యుల భాగస్వాములు’ అని వేరే వర్గంగా లెక్కవేసేవారు. వాళ్ళను తూర్పుకు పంపడం వాయిదా పడేది. వాళ్ళలో చాలామందిని పారిస్‌లోని ఆస్టెర్లిట్జ్, లెవితాన్, బస్సానో అనే చోట్ల దోచిన ఇంటి సామాన్లు వేరుచేసే పనికి పెట్టారు. మీ కథలో స్నేహితురాలు ఉద్యోగం కాపాడుకోడానికి యూదు భర్తకు విడాకులిస్తుంది, తర్వాత ఆయన క్షేమంగా ఉంటాడు. వాస్తవంలో ఆ విడాకుల కాగితమే ఆయన ఆసరా తీసేసేది.

ఆమె భర్త దగ్గర దాచడం గురించి. ప్రతిఘటన దళాల్లో మొదటి నియమం, అక్కర్లేనిది తెలుసుకోకూడదు, తెలియజేయకూడదు. మారుపేర్లతోనే పిలుపులు. కలవాల్సిన మనిషి రాకపోతే కొద్ది నిమిషాలకు మించి ఆగకూడదు, ముందే అనుకున్న రెండో చోటికి రెండో గడియకు వెళ్ళాలి. పట్టుబడ్డవాళ్ళు ఒకటి రెండు రోజులు నోరు విప్పకుండా ఉంటే మిగతావాళ్ళు ఇళ్ళు మార్చుకుంటారు. ఈ పద్ధతిలో భర్తకు చెప్పకపోవడం మోసం కిందికి రాదు. ఆయనను కొట్టినా చెప్పడానికి ఏమీ ఉండకూడదు. ఆమె మనసులో ఈ వాదన నిజాయితీగానే ఉండాలి, అయినా అది పూర్తి నిజం కాదని ఆమెకు తెలిసి ఉండాలి.

బడి పంతులమ్మకు ఉన్న పెద్ద సౌకర్యం గురువారం. ఫ్రెంచి బళ్ళకు అప్పట్లో గురువారం సెలవు. గురువారం, ఆదివారం సైకిల్ మీద పల్లెకు గుడ్లకోసం, కూరగాయలకోసం వెళ్ళడం ఎవరికీ వింత కాదు. కానీ గుడ్లకని వెళ్ళిన మనిషి గుడ్లు తేవాలి. మూడు గురువారాలు ఖాళీ బుట్టతో వస్తే కాంసియెర్జ్ గమనిస్తుంది. ఈ కాంసియెర్జ్ అంటే మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటి మనిషి, పైగా ఇంటింటి ఉత్తరాలూ ఆమె చేతిమీదుగానే పోతాయి. తోలు దొరక్క జోళ్ళకు చెక్క అడుగులు వేసుకున్న కాలం, మెట్లమీద ఎవరు ఎన్నిసార్లు ఎక్కారో చప్పుడే చెబుతుంది. గడియారాలను బెర్లిన్ సమయానికి ముందుకు జరిపారు, చలికాలంలో పొద్దున చీకటి చాలాసేపు ఉంటుంది. ఆమెకు అది మేలు. మూలపడ్డ సైకిల్ టైరు మాత్రం కీడు, కొత్తది దొరకడం గగనం. దొరికిందంటే ఎక్కడిదని భర్త అడుగుతాడు.

సాధారణంగా పని చెడేది ఇంట్లో కాదు, ఇలాంటి చోట్ల: ఉత్తరాలు దింపే ఇల్లు ముందే పోలీసుల చేతిలో పడి ఉంటుంది, అపాయం గుర్తుగా కిటికీలో పెట్టాల్సిన కుండీ పెట్టే వ్యవధి ఎవరికీ ఉండదు, ఒక జేబులో దొరికిన చిరునామా నాలుగు ఇళ్ళకు దారి చూపుతుంది. ఆమె కాగితాల మీద చిరునామా రాసుకున్నట్టు మీరు రాశారు. రాయనివ్వకండి. పంతులమ్మ కాబట్టి బట్టీ పట్టగలదు.

మీ అసలు ప్రశ్న: ఆయన పట్టిస్తాడా? నా లెక్కలో ఈ భర్త పట్టించడు. భార్యలు భర్తలను, భర్తలు భార్యలను పట్టించిన కేసులు విముక్తి తర్వాత కోర్టుల ముందుకు వచ్చాయి. చదివితే వాటిలో సిద్ధాంతం చాలా పలచన. ఇంకో మనిషితో సంబంధం, ఆస్తి, తాగి కొట్టే భర్తను వదిలించుకోవడం, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న పంతం, ఇవే ఎక్కువ. ఇంట్లో చేతగాని కక్షకు ఆక్రమణ ఒక ఆయుధం అందించింది, సంతకం లేని ఉత్తరం రాస్తే చాలు. మీ దంపతుల మధ్య అలాంటి పాత పుండు ఏదీ మీరు పెట్టలేదు. కాబట్టి పట్టించే భర్తే కావాలంటే రాజకీయాలు వదిలి ఆ పుండును మొదటి అధ్యాయంలోనే పెట్టండి. లేకపోతే ఈయన చేసేది ఆ కాలంలో అందరికంటే ఎక్కువమంది చేసిన పని, చూసి చూడనట్టు ఉండటం. ప్రమాదం అంతా ఆయన నోటిజారుడులో ఉంది. కాఫీ హోటల్లో పాత సిపాయి మిత్రుడితో "మా ఆవిడ గురువారం ఇంట ఉండదు" అన్న మాట చాలు.

ఆయన భయానికి గట్టి కారణం కూడా ఉంది, దాన్ని పిరికితనంగా చూపకండి. 1941 సెప్టెంబరులో జర్మన్ సైనికాధికారి గోడపత్రం అంటించాడు: కూలిన శత్రు విమానాల సిబ్బందికి సాయం చేసిన మగవాళ్ళను కాల్చేస్తారు, ఆడవాళ్ళను జర్మనీలో నిర్బంధ శిబిరాలకు పంపుతారు, పట్టిచ్చినవాళ్ళకు 10,000 ఫ్రాంకుల దాకా బహుమతి. 1942 జూలై 10న ఎస్ఎస్ పోలీసు అధిపతి ఒబెర్గ్ పేరుతో ఇంకొకటి వచ్చింది: పరారీలో ఉన్న దాడిదారులు పది రోజుల్లో లొంగకపోతే వాళ్ళ దగ్గరి మగ బంధువులను, బావమరుదులు, 18 దాటిన దాయాదులతో సహా, కాల్చేస్తారు, ఆడవాళ్ళకు కఠిన శ్రమ, 17 ఏళ్ళ లోపు పిల్లలు సంస్కరణ గృహాలకు. అక్షరాలా అమలు కాలేదు, కానీ గోడమీద చదివిన తండ్రికి ఆ సంగతి తెలియదు కదా. భార్య చేసే పనికి కొడుకు తల పందెం అని ఆయన అనుకుంటే అది ద్రోహి మాట కాదు.

ఆ కొడుకే మీ కథకు ఇరుసు. 1920, 21, 22లో పుట్టిన మగపిల్లలంతా ఎస్‌టీఓ కిందికి వస్తారు, మీవాడు సరిగ్గా ఆ గీత మీద ఉన్నాడు. పేరు నమోదు, వైద్యపరీక్ష, పిలుపు చీటీ, రైలు. వెళ్ళకపోతే రేషన్ టికెట్లు ఆగుతాయి, దాచినవాళ్ళకు శిక్ష. మొదట్లో వ్యవసాయపు పనివాళ్ళకు మినహాయింపు ఉండేది, కొన్ని నెలల్లోనే దాన్ని బిగించారు. ఇప్పుడు చూడండి: ఆ చట్టం మార్షల్ ప్రభుత్వానిదే, చీటీ ఈయన పనిచేసే ఆఫీసు గోడల మధ్యే తిరుగుతుంది, పొలం ఈయన తమ్ముడిది. మూడేళ్ళుగా భార్య మాట వినని మనిషి ఒక్క రాత్రిలో చట్టం తప్పడానికి సిద్ధపడతాడు, అదీ మార్షల్‌ను తిట్టకుండానే. అలాంటి ఇళ్ళు నిజంగా బోలెడు. తప్పించుకున్నవాళ్ళలో ఎక్కువమంది అడవుల్లో తుపాకులు పట్టలేదు, పొలాల్లో పనివాళ్ళుగా కలిసిపోయారు. మీవాణ్ణి కూడా అక్కడికే పంపండి. టికెట్లకు గుమాస్తా దగ్గర దారులుంటాయి: చనిపోయినవారి కార్డు రద్దు చేయడంలో నెల ఆలస్యం, లెక్కలో ఒక షీటు తక్కువ. ఆయన భార్యకు చెప్పడు. ఆమె తనకు చెప్పనిదానికి బదులుగా ఇప్పుడు ఆయనకూ ఒక రహస్యం దొరికింది.

ఒకే మాట మీద ఉన్న ప్రతిఘటన దంపతుల కథ ఒకటి పోలికకు చూడండి. లూసీ ఒబ్రాక్ భర్త రేమోన్ 1943 జూన్ 21న లియోన్ దగ్గర ప్రతిఘటన నాయకుడు జాన్ మూలాన్‌తో పాటు పట్టుబడ్డాడు. గర్భిణి అయిన ఆమె, అతను తనను పెళ్ళాడాల్సిన మనిషనీ, పరువు నిలవాలంటే పెళ్ళి జరగాలనీ గెస్టపో (జర్మన్ రహస్య పోలీసు) అధికారుల దగ్గర నటించింది. అక్టోబరు 21న ఖైదీల వాహనం మీద దాడి చేసి భర్తను తప్పించారు. కుటుంబం, పరువు అన్న మాటలనే ఆమె వాళ్ళమీద ప్రయోగించింది. అందరికీ అలా కలిసిరాలేదు. 1943 జనవరి 24న కాంపియెన్ నుంచి ఆష్విట్జ్‌కు వెళ్ళిన రైలులో 230 మంది ఫ్రాన్సు స్త్రీ ఖైదీలున్నారు, తిరిగి వచ్చినవారు 49. వాళ్ళలో షార్లెట్ డెల్బో ఒకరు. నాటక బృందంతో దక్షిణ అమెరికాలో క్షేమంగా ఉండి, భర్త కోసం 1941లో పారిస్‌కు తిరిగొచ్చిన మనిషి. ఆ భర్తను 1942 మే 23న కాల్చేశారు.

చివరి ప్రశ్న, విముక్తి తర్వాత. టూర్స్ 1944 సెప్టెంబరు 1న విముక్తమైంది. అంతకుముందు వసంతంలో పక్కనే ఉన్న సాం పియెర్ దె కోర్ రైల్వే యార్డు మీద మిత్రపక్షాల బాంబులు పడ్డాయి, ఆ రోజుల్లో మిత్రపక్షాల తరఫున మాట్లాడటం ఆమెకు కూడా అంత సులువు కాదు. జర్మన్లతో కుమ్మక్కయ్యారని జనం పట్టుకుని గుండు గీసిన స్త్రీలు దేశమంతటా సుమారు 20,000 మంది. అందరి మీదా జర్మన్ సైనికులతో సంబంధం ఆరోపణే కాదు, మాటలు చేరవేశారనీ వ్యాపారం చేశారనీ కూడా. మీ నాయికను ఆ గుంపులో చప్పట్లు కొట్టే మనిషిగా చూపారు, నాకు నమ్మకం కుదరలేదు, తన పేరు ఎవరికీ తెలియనివ్వని మనిషి వీధిలోకి అంత తొందరగా రాదు.

భర్త లాంటి ఉద్యోగులను ప్రక్షాళన కమిటీలు విచారించాయి. జర్మన్లను సమర్థించే పార్టీల్లో, మిలీస్‌లో చేరని గుమాస్తాకు మందలింపో బదిలీయో పడటం సహజం. టికెట్లు తప్పించాడని సాక్ష్యం వస్తే అదీ ఉండదు. ఆ సాక్ష్యం చెప్పగలది భార్యే, కానీ ఆయన ఆమెకు చెప్పలేదు కదా. తమ్ముడు చెప్పాలి. జర్మన్లతో కుమ్మక్కైన సంస్థల్లో చేరినవాళ్ళకైతే 1944 ఆగస్టు 26 శాసనం కింద ‘జాతీయ అనర్హత’ శిక్ష: ఓటు, ప్రభుత్వ ఉద్యోగం పోతాయి. ఆమె గుర్తింపు విషయానికి వస్తే, విముక్తి వీరులుగా స్వేచ్ఛా ఫ్రాన్సు నాయకుడు డిగాల్ గుర్తించిన వ్యక్తులు 1,038 మంది, అందులో స్త్రీలు ఆరుగురు. గుడ్ల బుట్టలో ఉత్తరాలు మోసినదానికి కాగితం కావాలంటే దళనాయకుడు సంతకం పెట్టాలి, అతను బతికి ఉంటే. ఆమె అడగదనే నేననుకుంటున్నాను.

ఫ్రాన్సులో ఆడవాళ్ళు మొదటిసారి ఓటు వేసింది 1945 ఏప్రిల్ 29న, మునిసిపల్ ఎన్నికల్లో. మీ చివరి అధ్యాయం ఆ ఆదివారం మీద పెట్టండి. కమిటీ మందలింపుతో వదిలేసి ఉంటే ఆయనకూ ఓటుంది, ఇద్దరూ ఒకే వరుసలో నిలబడతారు. ఈ మధ్యలో ఆయనను అలాంటి పార్టీలో చేర్చి ఉంటే ఆమె ఒక్కతే వెళ్తుంది, పోలింగ్ జరిగేది ఆమె పాఠం చెప్పే బడిలోనే కావచ్చు, గోడమీద మార్షల్ పటం తీసేసిన చోట రంగు ఇంకా తేడాగా ఉంటుంది.